నీళ్లు చల్లే చెయ్యి

శుక్రవారం, మధ్యాహ్నం
కొట్లో, గల్లాబల్ల దగ్గర నుంచి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మరదలికీ పిల్లలకీ నా ముద్దులు. ఇక్కడ మేం క్షేమం. ఈ మాట ఉత్తరాల్లో అందరూ రాస్తారు, జ్వరంతో మూలుగుతూ కూడా రాస్తారు. నేను మాత్రం ఈసారి నిజంగా క్షేమంగా ఉండి రాస్తున్నాను. మీ బావకి దగ్గు తగ్గింది. నిన్న డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి, ముందూ వెనకా విని, పరవాలేదమ్మా, ఇలాగే ఉంటే కొట్టు మూసే పనిలేదు అన్నాడు. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. కాళ్లనొప్పులేమో అనుకుని మీ బావ నీళ్లసీసా తెచ్చిచ్చారు. కాళ్లు బాగానే ఉన్నాయిరా. సంతోషం పట్టలేక కూర్చున్నాను, అంతే.

ఫోన్ చేస్తే ఎత్తవు. మరదలితో మాట్లాడితే వెనకనుంచి నీ గొంతు వినిపిస్తుంది, నేను ఇంట్లో లేనని చెప్పు అని. ఇంట్లో లేనివాడు ఎంత గట్టిగా అరుస్తాడో! అందుకే ఉత్తరం. చింపడానికైనా చేతిలోకి తీసుకోవాలి కదా, అప్పుడు ఒక్క వాక్యమైనా కంటబడకపోదు. ఆ ఒక్కటీ ముందే రాసేస్తున్నాను. నీ పొయ్యి తప్పేం లేదురా.

మీ బావ దగ్గు మొదటిసారి చూపించిన రోజు ఆసుపత్రికి మాతో నువ్వూ వచ్చావు. డాక్టరు మీ బావని, ఏం పని చేస్తావు, పొగ ఎటు పోతుంది, పొయ్యి ఎవరు చేశారు అని వరసపెట్టి అడిగాడు. అడగడం వాళ్ల ఉద్యోగం. నీ చేత్తో చేసిన పొయ్యి కదా, ఆ చివరి ప్రశ్నకి నువ్వు లేచి బయటికి వెళ్లిపోయావు. మందులు తేవడానికి వెళ్లావనుకున్నాం. నువ్వు ఇంటికే వెళ్లిపోయావు. ఆ తర్వాత డాక్టరు అన్న మాట నీ చెవిన పడలేదు. ఇది ఇప్పటి పొగ కాదన్నాడు. పెళ్లి కాకముందు మీ బావ ఇంకొకళ్ల దగ్గర పనిచేసేవారే, గొట్టం కూడా లేని ఆ ఇరుకు గదిలో మింగిన పొగట అది. ఈ పొయ్యికి అంత పొడుగు గొట్టం పెట్టినవాడెవడో గానీ, వాడి పుణ్యమా అని ఇన్నేళ్లు నెట్టుకొచ్చావయ్యా అన్నాడు. తలుపు అవతల కాసేపు నిలబడి ఉంటే నీకూ వినిపించేది. కోపం, బెంగ రెండూ కలిసి వస్తే నీ కాళ్లు ఒకచోట ఆగవు. చిన్నప్పటినుంచీ నీకదే జబ్బు.

డాక్టరు తేల్చిచెప్పింది ఒకటే. ఇక నిప్పు ముందు కూర్చుని ఊదడం, కట్టెలు ఎగదోయడం, తెల్లవారకుండానే లేచి ఆ పొగలో కళ్లు నులుముకోవడం మానేయాలి. మానలేకపోతే కోళ్లూ చేపలూ కాల్చి అమ్మే ఈ కొట్టే మూసుకోవాలి. మీ బావని కొట్టు మూసుకోమనడమంటే చేపని గట్టున కూర్చోమనడమే. కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నారు. నా వంటింట్లో డబ్బాలన్నీ పొడుగు ప్రకారం సర్దారు. ఉప్పు కోసం వెతికీ వెతికీ నా తలప్రాణం తోకకొచ్చింది. తిడదామని హాల్లోకి వస్తే, ఆయన కిటికీ పక్కన నిలబడి, వీధిలో ఎవరో చెత్త తగలబెడుతుంటే ఆ వాసన పీలుస్తున్నారు. పచ్చి కొమ్మలు వేశారే, సరిగ్గా మండదు అన్నారు నాతో. ఈ మనిషి మంచం మీద కాదు, ఈ కిటికీ దగ్గరే పోయేలా ఉన్నాడని భయం వేసింది.

అప్పుడు మాకు సరుకు వేసే చేపలావిడ చెప్పింది పెల్లెట్ గ్రిల్ గురించి. కట్టెల మిల్లులో రాలే పొట్టుని గట్టిగా ఒత్తి చిన్నచిన్న ముక్కలు చేస్తారు. చూడ్డానికి అచ్చం కోళ్ల దాణా. వాటిని పక్కనున్న తొట్టిలో పోస్తే, లోపల ఒక మరకడ్డీ మెల్లగా తిరుగుతూ నిప్పుగిన్నెలోకి కొంచెం కొంచెంగా తోస్తుంది. చిన్న ఫ్యాను ఊదుతుంది. ఎంత వేడి కావాలో మీట తిప్పి పెడితే అంతే వేడి. మనిషి ఊదక్కర్లేదు, కాపలా కాయక్కర్లేదు. పొగ కూడా పలచగా వస్తుంది, దాన్ని గొట్టంలోంచి బయటికి పంపేయొచ్చు. ఇదంతా మీ బావకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మీట నొక్కితే వంటా, దీపం వేసినట్టు అన్నారు. అయినా చెప్పులు వేసుకుని నా వెనకే బయల్దేరారు.

షాపులో మూడు రకాలు ఉన్నాయి. అమ్మే ఆయన మాటకో నవ్వు నవ్వుతాడు, అందుకని నవ్వులాయన అని పేరు పెట్టుకున్నాం. మొదటిది పెళ్లికూతురిలా ఉంది. అద్దం తలుపు, లోపల దీపం, ఫోన్‌లోంచే వేడి పెంచుకోవచ్చు తగ్గించుకోవచ్చు. ఇంట్లో పడుకుని కొట్లో కోడిని కాల్చుకోవచ్చమ్మా అన్నాడు. కోడిని పొయ్యిలో పెట్టేది కూడా ఫోనేనా నాయనా అన్నాను. మూత నా చిటికెనవేలికే లేచింది. పల్చటి రేకు. పైన పటారం లోన లొటారం. చలిగాలి కొడితే వేడి నిలవదు, నిలవకపోతే దాణా గుటకలు గుటకలుగా మింగుతుంది.

రెండోది ఎంత చవకంటే, దాని ధర చూసి నా చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లింది. మీ బావ మోచేత్తో పొడిచారు. బూడిద తీయాలంటే ఏం చెయ్యాలి అని అడిగితే, పైనుంచి కిందిదాకా అన్నీ ఊడదీయాలట. మరకడ్డీ పాడైతే సామాను ఎక్కడ దొరుకుతుంది అంటే నవ్వులాయన నవ్వు ఆగిపోయింది. ఓడలో రావాలమ్మా అన్నాడు. ఓడ వచ్చేదాకా మా కొనుగోలుదార్లు ఆకలితో కూర్చుంటారా?

మూడోది మూలన ఉంది. నల్లగా, మెరుపూ లేదు, సొగసూ లేదు. మూత ఎత్తడానికి రెండు చేతులూ పట్టాయి. మూస్తే అంచు చుట్టూ ఉన్న బిగింపు మీద మెత్తగా కూర్చుంది. బూడిద గిన్నె కిందనుంచి మర తిప్పితే చేతికొచ్చేస్తుంది. తొట్టి అడుగున తలుపు ఉంది, మిగిలిన దాణా దాన్లోంచి ఖాళీ చేసుకోవచ్చు. విడిసామాను వాళ్ల బీరువాలోనే ఉందంటే, మాట కాదు, బీరువా తెరిచి చూపించమన్నాను. చూపించాడు. రిపేరు కూడా షాపు వెనకే, వాళ్ల మెకానిక్కే చేస్తాడట. అప్పుడు మీ బావ మొదటిసారి నోరు విప్పారు. వెలిగించండి, రొట్టెముక్కలు తెప్పించండి అన్నారు. నవ్వులాయన తెల్లబోయాడు. మీ బావ జాలీ మీద మూల మూలకీ రొట్టెముక్కలు పరిచి, మూత వేసి, కాసేపాగి తీశారు. ఒక్క మూల ముక్క కొంచెం ఎక్కువ మాడింది, మిగతావన్నీ ఒకే రంగు. పొయ్యి బుద్ధి తెలియాలంటే రొట్టెని అడగాలి అన్నారు. ఆ మాడినదే నోట్లో వేసుకున్నారు. నవ్వులాయనకీ ఒకటి ఇచ్చారు.

దీని ధర చవకదానికంటే ఎక్కువ, పెళ్లికూతురికంటే చాలా తక్కువ, అదే కొన్నాం. మళ్లీ మళ్లీ కొనక్కర్లేనిదే చవక అని మన అమ్మ అనేది, గుర్తుందా? అమ్మ గిన్నెలు కొనేటప్పుడు అడుగు తట్టి తట్టి కొట్టువాడి చెవులు చిల్లులు చేసేది. నేనూ ఆ రోజు మూతలు తట్టీ తట్టీ అంత పనీ చేశాను.

ఆ సంగతి మరదలు నీకు చెబితే, ఆ పాత డబ్బాని పాత సామాను బండివాడికి వేసేయమను అని కబురు పంపావు. నీ నోటికి తాళం లేదు. నూనె పీపాని నిలువునా కోసి, కాళ్లు పెట్టి, గొట్టం నిలబెట్టి, వెల్డింగు చేసిన ప్రతి అతుకు చివరా బొట్టులాగా నీ గుర్తు చుక్క పెట్టి మరీ ఇచ్చిన పొయ్యి అది. దాన్ని బండికి వేయడానికి నాకు చేతులెలా వస్తాయిరా? వెనక రేకుల కింద, వాన తగలకుండా పెట్టాం.

ఇక కొత్త మిషన్ వచ్చాక మా ఇంట్లో జరిగిన భాగోతం విను. మీ బావ దానికి అల్లుడు అని పేరు పెట్టారు. కూర్చోబెట్టి మేపడం తప్ప మనం చేసేదేం లేదు, కాస్త తేడా వస్తే అలుగుతుంది, అందుకట. పెట్టిన వేడి పెట్టినట్టే ఉంటుంది. కోడి, చేప, పక్కటెముకలు అన్నీ చక్కగా కాలుతున్నాయి. కొనేవాళ్లు కూడా రుచి మారిందనలేదు, ఒకాయన అయితే ఉప్పు తగ్గిందన్నాడు, అది నా తప్పు. కానీ మీ బావకే చేతులు ఊరుకోవడం లేదు. చేతులు కట్టుకుని నిలబడతారు, విప్పుతారు, మూత తుడుస్తారు, మళ్లీ తుడుస్తారు. జీవితమంతా నిప్పుతో కుస్తీ పట్టిన మనిషికి అల్లుడి పక్కన పనేముంటుంది?

నీకు తెలుసు కదా ఆయన అలవాటు. ఎడమచేతి పక్కన ఎప్పుడూ నీళ్లచెంబు ఉండాలి. మంట లేచిందంటే కట్టెల మీద నీళ్లు చల్లుతారు, అప్పుడు మంట తగ్గి పొగ లేస్తుంది, మాంసం ఎండిపోదు. చూడకుండానే చల్లుతారు, మాట్లాడుతూ కూడా చల్లుతారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఛీ, ఎంత మాట రాశాను, కొట్టేస్తున్నాను, నువ్వు చదవకు.

ఫ్యాక్టరీలో పెద్ద మేస్త్రీ ఉద్యోగం విరమిస్తుంటే వాళ్లందరి భోజనం మనకే చెప్పారు. మిషన్ వచ్చాక అదే మొదటి పెద్ద పని. పొద్దున్నే అల్లుణ్ణి నిండుగా మేపి, అన్నీ లోపల పెట్టాం. మధ్యలో పొగ సరిపోవడం లేదనిపించిందట మీ బావకి. తొట్టి మూత తీశారు, చెంబులో చెయ్యి ముంచారు, చల్లారు. కట్టె కదా, కట్టె మీద నీళ్లు చల్లడమే కదా! ఒకసారి కాదు, అప్పట్నుంచీ చల్లుతూనే ఉన్నారట. ఆ దాణాకి తడి తగిలితే ఏమవుతుందో తెలుసా? ఉబ్బి, చితికి, మళ్లీ పొట్టు అయిపోయి, మరకడ్డీ చుట్టూ సిమెంటులా గడ్డకట్టేస్తుంది. అల్లుడు ఒక్కసారి మూలిగాడు, ఆగిపోయాడు. వేడి దిగిపోతోంది. లోపల ఫ్యాక్టరీ వాళ్ల భోజనం సగం పచ్చిగా ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

నాకు భోజనం గురించి కాదురా భయం. మీ బావ చెంబు కింద పెట్టి, పీపా మీద కప్పిన గోనె లాగేశారు. చూశావా, నా పొయ్యే మేలు అని కట్టెలు తీయబోయారు. అలా ఒక్క పూట కూర్చుంటే ఇక లేవరు, ఆ మిషన్ మొహం మళ్లీ చూడరు, ఆ దగ్గు మళ్లీ మొదలు. నేను వెళ్లి మధ్యలో నిలబడ్డాను. జరుగు అన్నారు. జరగనన్నాను. భోజనం పోతుందే అన్నారు. పోతే పోనీ, మీరు పోకూడదు అన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదేమో, ఆయన చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది.

చివరికి నేనే కూర్చున్నాను. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని నీ పీపా వెలిగించాను. మీ బావకి అవతల, గాలి అటు కొట్టనిచోట ముక్కాలిపీట వేశాను. అక్కణ్ణుంచి కేకలు. గొట్టం మూత సగం మూయి, ఎడమ వైపు కట్టె లాగెయ్, ఊదకు, అది నువ్వు ఊదితే మండేది కాదు, దానికి గాలి వదులు చాలు. నీ పొయ్యి ఎంత మర్యాదస్తురాలో నాకు ఆ రోజే తెలిసింది. గాలిసందులు నువ్వు ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టావు. ఏనాడూ నిప్పు దగ్గర కూర్చుని ఎరగని నాతో కూడా అంత పని చేయించింది. భోజనం వేళకి అందింది. మేస్త్రీగారు పక్కటెముకలు రెండోసారి పెట్టించుకున్నారట. మీ బావ మాత్రం ఆ సాయంత్రం చెంబు బోర్లించి మూలన పెట్టేశారు. నాకు యంత్రం సరిపడదు, నిప్పుకి నేను సరిపడను అన్నారు పడుకునేముందు. ఆ మాటకి నాకు కన్నీళ్లు ఆగలేదు, మరదలికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పుకున్నాను.

మర్నాడు షాపు మెకానిక్కు వచ్చి మిషన్ తీసుకెళ్లాడు. తడిపి పాడుచేశాం, గ్యారంటీ వర్తించదంటాడేమోనని మింగలేక కక్కలేక కూర్చున్నాను. కొన్నాళ్లకి తెచ్చి దింపాడు. మరకడ్డీ శుభ్రంగా తిరుగుతోంది. అంతే కాదు. తొట్టి మీద ఏటవాలు మూత ఒకటి కొత్తగా బిగించి ఉంది, దాని మీద నీళ్లు పోసినా వెనక్కి జారిపోతాయి, లోపలికి దిగవు. ఇంకా చిత్రం, ఎడమ పక్కన చిన్న గరాటు. దాన్లో నీళ్లు పోస్తే గొట్టం వెంట లోపలికి వెళ్లి జాలీ కింద వెడల్పాటి పళ్లెంలో పడతాయి. ఆవిరి లేస్తుంది, మాంసం ఎండదు. కంపెనీ వాళ్లే పెట్టించారమ్మా, గ్యారంటీలోనే అన్నాడు మెకానిక్కు, చూపులు చెప్పుల మీద పెట్టి. అలాగా నాయనా, చల్లగా ఉండు అన్నాను.

మీ బావ మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. బొటనవేలితో గరాటు అతుకు తడిమి ఏదో గొణుక్కున్నారు. తర్వాత చెంబు తెచ్చి ఎడమ పక్కన పెట్టుకున్నారు. ఇక చూడు, అల్లుడు మేస్తుంటే ఈయన చెయ్యి ముంచడం, గరాటులో పోయడం. మాట్లాడుతూ పోయడం, బేరమాడుతూ పోయడం. పొగకి దూరంగా, నిలబడి, హాయిగా. చేతికి పని దొరికింది, మనిషికి ప్రాణం లేచివచ్చింది. దాని తర్వాతే నిన్న డాక్టరు అన్న మాట. రాత్రంతా దగ్గు వినపడకుండా ఉంటే నాకే మెలకువ వస్తోంది, ఏమైందా అని. చెయ్యి పెట్టి చూస్తే నిద్రపోతూ ఉంటారు.

మరదల్ని అడిగానని చెప్పు. నీ పీపాని గోనె కప్పి జాగ్రత్తగా పెట్టాను. అది మమ్మల్ని ఆదుకుంది కాబట్టి ఇక అది పాత సామాను కాదు. కోపం చల్లారితే ఒక ఫోన్ చెయ్యి. చల్లారకపోయినా చెయ్యి, తిట్టడానికైనా చెయ్యి.

ఎప్పటికీ నీ మేలు కోరే,
అక్క

తా.క. – కవరు అంటించేశాను, మళ్లీ విప్పాను. సాయంత్రం దాణా కొనడానికి షాపుకి వెళ్లాను. మనదానిలాంటి నల్ల మిషన్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కదానికీ ఏటవాలు మూత లేదు, ఒక్కదానికీ గరాటు లేదు. ఇదేంటయ్యా, కంపెనీ వాళ్లు మాకొక్కళ్లకే పెట్టారా అని మెకానిక్కుని నిలదీశాను. తల గోక్కున్నాడు. ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడమ్మా అన్నాడు. షాపు వెనక గుమ్మంలోంచి వచ్చేవాడట ఒక వెల్డరు. రోజూ తన పని అయ్యాక వచ్చి, మరకడ్డీకి పట్టిన గడ్డంతా ఉలితో గీకి గీకి తీశాడట, ఆ మూతా గరాటూ కూడా తనే చేసి అతికాడట. తడిసింది వాన వల్ల కాదు, మా బావ చెయ్యి వల్ల, ఆ చెయ్యి మానేది కాదు, దానికో చోటు చూపించాలి అన్నాడట.

పరిగెత్తుకుంటూ వచ్చి మీ బావకి చెప్పాను. ఆయనకి నవ్వొచ్చింది. నాకు దింపిన రోజే తెలుసు అన్నారు. నా వేలు పట్టుకుని గరాటు అతుకు వెంట చివరిదాకా నడిపించారు. అక్కడ, చివర్న, నీ చుక్క. వీడు ఇంకా ఈ బొట్టు పెట్టడం మానలేదే అన్నారు. ఆ చుక్కని గుడ్డతో తుడిచారు, మళ్లీ తుడిచారు.

ఆదివారం భోజనానికి రా. మీ బావ పిలవమన్నారు. వెనక గుమ్మంలోంచి వచ్చింది చాలు, ముందు గుమ్మంలోంచి రా.